పెద్దలను గుమ్మం దాటించడం



2024 మే 26 ఆదివారం, ఇంకా తెల్లవారకముందే మన బెంటన్ కౌంటీ మీదుగా టోర్నడో వెళ్ళిన సంగతి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. డెకేటర్ నుంచి రాజర్స్ దాకా చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, చాలా ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ వారం వాలంటీర్లం గుడి సభ్యుల జాబితా ముందేసుకుని ఒక్కో ఇంటికీ ఫోన్ చేస్తూ వచ్చాం. అప్పుడు బయటపడింది మా జాబితాలోని లోపం. అందులో కుటుంబానికి ఒక్కటే ఫోన్ నంబరు ఉంది, అది కొడుకుదో కూతురుదో. పిల్లలకు దూరంగా, విడిగా అపార్ట్‌మెంట్లలో ఉంటున్న పెద్దల నంబర్లు మా దగ్గర లేనే లేవు. ఆ జాబితా తయారుచేసింది మేమే. సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాళ్ళం కదా, 'ప్రైమరీ కాంటాక్ట్' అని ఒక గడి పెట్టి, పని పూర్తయిందనుకున్నాం.

చివరికి కారు తీసుకుని తలుపులు తట్టాల్సి వచ్చింది. అలా కలిశారు ఒక మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయారు, కొడుకు ఉద్యోగరీత్యా డాలస్ మారారు. ఈయన మాత్రం ఇక్కడే ఉంటానన్నారు, అలవాటైన గుడి ఇక్కడుందని. రెండో అంతస్తులో, చీకట్లో, కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. "ఈ బిల్డింగులో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా మాస్టారూ?" అని అడిగితే, "పక్కింటాయన పేరు తెలియదు బాబూ, ఆయన కుక్క పేరు తెలుసు" అన్నారు.

ఈ త్రైమాసికం అధ్యయన శీర్షికను అందుకే ఈ విషయానికి కేటాయించాం. తమ పనులు తాము చేసుకుంటూ, విడిగా బతుకుతున్న మన పెద్దలు ఊళ్ళో ఉన్న ఆటపాటలకు, వ్యాయామాలకు, కాలక్షేపానికి ఎలా చేరుకోవాలి? వాళ్ళకు మనం ఏ మేరకు సాయపడాలి, ఎక్కడ పక్కకు తప్పుకోవాలి?

ముందు ఒక మాట స్పష్టంగా అనుకుందాం. ఇక్కడ 'ఇండిపెండెంట్ లివింగ్' అంటే వృద్ధాశ్రమం కాదు. స్నానం, వంట, మందులు ఎవరి సాయం లేకుండా చూసుకోగలిగినవాళ్ళు ఉండే చోటు. నర్సులుండరు. రోజువారీ పనుల్లో చేయి అందించే మనుషులుంటే దాన్ని 'అసిస్టెడ్ లివింగ్' అంటారు. 55 ఏళ్ళు దాటినవారి కాలనీలకు 1995 నాటి ఫెడరల్ చట్టం ఒకటి ఉంది. కనీసం 80 శాతం ఇళ్ళలో 55 దాటినవారు ఒక్కరైనా ఉంటే చాలు, అది పెద్దల కాలనీ అవుతుంది. మన వాళ్ళలో కొందరు అలాంటి చోట్ల ఉన్నారు. ఎక్కువమంది మామూలు అపార్ట్‌మెంట్లలోనో, కొడుకు ఇంటికి రెండు మైళ్ళ దూరంలో తీసుకున్న చిన్న ఇంట్లోనో ఉన్నారు. పిల్లల ఇంట్లోనే ఉంటూ, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఒంటరిగా గడిపేవారినీ ఈ లెక్కలోనే కలపాలని మా అభిప్రాయం. ఆ పది గంటలూ వాళ్ళది ఇండిపెండెంట్ లివింగే, పేరు లేదంతే.

ఇండిపెండెంట్ లివింగ్‌లో సుఖం ఎంతో, చిక్కూ అంతే. మీ పనులు మీరు చేసుకోగలరని ఒప్పుకున్నాక మీ తలుపు ఎవరూ తట్టరు. కింద హాల్లో ఆట ఉందని కాగితం అంటిస్తారు. దిగి వస్తే సంతోషం, రాకపోతే ఎందుకు రాలేదని అడిగే బాధ్యత ఎవరిదీ కాదు.

మన ఊళ్ళలో పెద్దవాళ్ళకు కాలక్షేపం అనేది ఒక కార్యక్రమం కాదు. అరుగు మీద కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళు పలకరిస్తారు. తెల్లవారుజామున కాలేజీ గ్రౌండులో నాలుగు చుట్లు తిరిగితే పదిమంది కనబడతారు. గ్రంథాలయంలో పేపరు కోసం ఎదురుచూస్తూ రాజకీయం మాట్లాడుకుంటారు. అసలు ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం నడిపినవాళ్ళకు ఈ 'చేరుకోవడం' అనే సమస్య బాగా తెలుసు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో పెట్టి కృష్ణా కాలువ మీద ఊరూరా తిప్పారు. పుస్తకాలు లేక కాదు, మనిషికీ పుస్తకానికీ మధ్య దూరం ఉంది కనుక. బెంటన్‌విల్‌లో మన పెద్దల పరిస్థితీ అదే. ఇక్కడ కార్యక్రమాలకు కొదవ లేదు. గుమ్మానికీ వాటికీ మధ్య దూరం ఉంది.

ఆ దూరం ఖరీదు ఏమిటో కూడా చెప్పుకోవాలి. అమెరికా సర్జన్ జనరల్ 2023 మేలో ఒంటరితనంపై ఒక హెచ్చరిక పత్రం విడుదల చేశారు. మనుషులతో సంబంధాలు తెగిపోవడం వల్ల అకాల మరణం ముప్పు 29 శాతం పెరుగుతుందని, అలాంటి జీవితం చేసే హాని రోజుకు 15 సిగరెట్ల దాకా తాగడంతో పోల్చదగినదని అందులో ఉంది. ఇక 65 దాటినవారిలో ఏటా నలుగురిలో ఒకరికి మించి ఎక్కడో ఒకచోట జారి పడుతున్నారని సీడీసీ లెక్క. పడతామన్న భయంతో ఇంట్లో కూర్చుంటే కాళ్ళలో బలం తగ్గి పడే అవకాశం ఇంకా పెరుగుతుంది. అందుకే పెద్దలకు వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు, ఒంటి బ్యాలన్సును పెంచే వ్యాయామాలు కూడా ఉండాలని చెబుతారు. మన ఇళ్ళలో మొదటిది కొంత జరుగుతోంది, రెండోది దాదాపు లేదు.

టోర్నడో తర్వాత మేం చేసిన మొదటి ప్రయత్నం విఫలమైంది. దాని గురించి కొంచెం వివరంగా రాస్తాం, ఎందుకంటే నేర్చుకున్నదంతా అక్కడే నేర్చుకున్నాం.

మేం ఒక గూగుల్ ఫారం తయారుచేశాం. మీ తల్లిదండ్రులకు ఏ కార్యక్రమాలు ఇష్టం, ఏ రోజు వీలు, రైడ్ కావాలా అని పన్నెండు ప్రశ్నలు. సభ్యుల వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఒక్క రోజులో బోలెడు జవాబులు, బోలెడు బొటనవేళ్ళు. "చాలా మంచి పని చేస్తున్నారు" అన్నారు అందరూ. కార్లు సిద్ధం చేశాం. అనుకున్న రోజు ఉదయం బయటికి వచ్చింది ఇద్దరు. మిగిలినవాళ్ళలో ఒకరికి మోకాలు నొప్పి, ఒకరికి ఏకాదశి, ఒకరు తలుపు దగ్గరకు వచ్చి "మా వాడు చెప్పాడు కానీ, ఇవాళ వద్దులే అమ్మా" అన్నారు.

ఆ సాయంత్రం మాస్టారు దగ్గరకు వెళ్ళాం. ఆయన పేరు మీద కూడా 'యోగా, ఈత' అని రాసి ఉంది. "మీరెందుకు రాలేదు మాస్టారూ?" అన్నాం.

"నన్నెవరూ అడగలేదు బాబూ. మా వాడు డాలస్ నుంచి ఒప్పుకున్నాడు. నాకు ఈత రాదు."

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. పన్నెండు ప్రశ్నల్లో ఒక్కటీ పెద్దవాళ్ళను అడిగింది కాదు. శ్రవణకుమారుడి కావడి మనకందరికీ ఆదర్శమే. కానీ ఆ కథలో తీర్థయాత్రకు వెళ్ళాలన్న కోరిక తల్లిదండ్రులది. ఎటు వెళ్ళాలో కొడుకు నిర్ణయించి కావడిలో కూర్చోబెట్టలేదు.

రెండోసారి ఫారం లేదు. ఇద్దరేసి వాలంటీర్లం ఇళ్ళకు వెళ్ళి, కాఫీ తాగి, "ఊళ్ళో ఉన్నప్పుడు సాయంత్రం పూట ఏం చేసేవారు?" అని మాత్రం అడిగాం. ఏం కావాలి అని అడిగితే "ఏమీ వద్దు, మీరు సుఖంగా ఉంటే చాలు" అనేవారు. ఏం చేసేవారు అని అడిగితే గంటసేపు చెప్పారు. వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక బాబాయిగారు కాలేజీలో బాల్ బాడ్మింటన్ ఆడేవారట. గుంటూరు వైపు పిన్నిగారొకరు అష్టాచెమ్మాలో ఎవరినీ గెలవనిచ్చేవారు కారట. మాస్టారు సాయంత్రాలు గ్రంథాలయంలో చదరంగం ఆడేవారట. ఈ మాటల్లోంచే ఎవరికి ఏది సరిపోతుందో తెలిసింది.

ఇక మన చుట్టూ ఏమున్నాయి? 2015లో తెరిచిన బెంటన్‌విల్ కమ్యూనిటీ సెంటర్‌లో ఈతకొలనులు, జిమ్, కోర్టులు, ఇండోర్ వాకింగ్ ట్రాక్ ఉన్నాయి. జనవరి మంచులో, జూలై ఎండలో మన పెద్దలకు ఆ ట్రాక్‌ను మించింది లేదు. నేల చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి చోటుంటుంది. బెంటన్ కౌంటీ సీనియర్ యాక్టివిటీ అండ్ వెల్‌నెస్ సెంటర్ పూర్తిగా పెద్దల కోసమే. దాన్ని నడిపే ఏరియా ఏజెన్సీ ఆన్ ఏజింగ్ లాంటి సంస్థలకు మూలం 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్. ఆ చట్టం కింద 60 దాటినవారికి పెట్టే మధ్యాహ్న భోజనానికి ధర ఉండదు. ఇవ్వగలిగినంత విరాళం ఇవ్వవచ్చు, ఇవ్వలేదని భోజనం ఆపరు. శాకాహారం సంగతి మాత్రం ముందుగానే ఫోన్ చేసి కనుక్కోండి. మన వాళ్ళు కొందరు ఇంటి నుంచి పులిహోర డబ్బా పట్టుకెళ్ళి, ఆటల వేళకు చేరుకుంటున్నారు. రాజర్స్‌లో 50 దాటినవారి కోసమే ఆ నగరం నడిపే అడల్ట్ వెల్‌నెస్ సెంటర్ ఉంది. కాస్త దూరమైనా చూసి రావలసిన చోటు.

క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2011 నవంబరు 11న తెరిచిన నాటి నుంచీ సాధారణ ప్రవేశం ఉచితం. చుట్టాలొస్తే ఒకసారి చూపించి తీసుకొచ్చేస్తాం. కానీ బొమ్మల ముందు తీరిగ్గా నడిచి, బెంచీ మీద కూర్చుని కొలను చూసి రావడానికి వారానికోసారి వెళ్ళే అమ్మమ్మగారు మనలో ఉన్నారు. ఆవిడకు అది మ్యూజియం కాదు, సాయంత్రం షికారు. రేజర్‌బ్యాక్ గ్రీన్‌వే కూడా మంచిదే, అయితే సైకిళ్ళు వేగంగా వస్తాయి. కుడివైపు నడవడం, వెనకనుంచి గంట వినబడితే కంగారుపడి అడ్డంగా తప్పుకోకుండా ఉండడం మొదటి రోజే నేర్పించాలి.

ఇప్పుడు అసలు చిక్కులు. మొదటిది పేరు నమోదు. చాలా చోట్ల ఆన్‌లైన్ ఖాతా తెరవాలి, మనం అలవాటుగా మన ఈమెయిల్, మన ఫోన్ ఇచ్చేస్తాం. ఒక చోట కౌంటర్ దగ్గర పిన్నిగారు నిలబడి ఉన్నారు, కోడ్ వాళ్ళబ్బాయి ఫోన్‌కు వెళ్ళింది, ఆయన మీటింగులో ఉన్నారు. వెనక నలుగురు నిలబడితే ఆవిడ "పర్లేదు, తర్వాత వస్తాను" అని వచ్చేశారు. ఆ 'తర్వాత' రావడానికి నెలన్నర పట్టింది. కాబట్టి ఖాతా పెద్దవాళ్ళ పేరుతో, వాళ్ళ ఫోన్ నంబరుతో ఉండాలి. కార్డు వాళ్ళ పర్సులో ఉండాలి, మన కారు తాళాల గుత్తికి కాదు. ఊరివాళ్ళకు ఇచ్చే తగ్గింపు ధర కోసమో, లైబ్రరీ కార్డు కోసమో చిరునామా రుజువు అడిగితే ఇంకో ఇబ్బంది. కరెంటు బిల్లు, లీజు అన్నీ కొడుకు పేరు మీదే ఉంటాయి. పెద్దవాళ్ళ పేరుతో వచ్చే బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకటి ఇంటికి తెప్పించుకోండి. చాలా చోట్ల అది పనికొస్తుంది.

ఆరు నెలల కోసం విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు ఏడాది మెంబర్‌షిప్ దండగ, రోజువారీ పాస్ చాలు. కానీ వాళ్ళ ట్రావెల్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదవకుండా ట్రెడ్‌మిల్ ఎక్కించకండి. గ్రీన్‌కార్డు ఉన్నవారి విషయంలో ఒక అపోహ కూడా తొలగాలి. 65 దాటగానే మెడికేర్ రాదు. ఇక్కడ ఉద్యోగం చేయని తల్లిదండ్రులు దాన్ని కొనుక్కోవాలన్నా గ్రీన్‌కార్డుతో వరుసగా అయిదేళ్ళు ఇక్కడ నివసించి ఉండాలి. జిమ్ ఫీజు కట్టే 'సిల్వర్‌స్నీకర్స్' సదుపాయం మామూలు మెడికేర్‌లో ఉండదు, కొన్ని మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో ఉంటుంది.

రెండోది బట్టలు. ఇది చిన్న విషయమని నవ్వుకుంటాం గానీ, మోకాళ్ళ నొప్పులున్న మన ఆడవాళ్ళలో ఎంతోమంది నీళ్ళలో వ్యాయామానికి దూరంగా ఉండడానికి ఇదే కారణం. చీరతోనో, నూలు చుడీదార్‌తోనో కొలనులోకి దిగనివ్వరు. ఈత దుస్తుల బట్టతోనే కుట్టిన నిండు చేతుల చొక్కా, చీలమండల దాకా వచ్చే లెగ్గింగ్ దొరుకుతాయి. కౌంటర్‌లో ముందే అడిగి వెళ్ళండి. నిచ్చెన దిగలేమన్న భయం ఉంటే, పెద్ద పబ్లిక్ కొలనులకు లిఫ్టు గానీ వాలుగా దిగే దారి గానీ ఉండాలని వికలాంగుల హక్కుల చట్టం కింది ప్రమాణాలు చెబుతున్నాయి. మొహమాటపడకుండా అడగవచ్చు.

మూడోది బండి. పిల్లలు పనిలో ఉండే వేళల్లోనే పెద్దల కార్యక్రమాలు జరుగుతాయి. ఓజార్క్ రీజనల్ ట్రాన్సిట్ వారి ఆన్-డిమాండ్ వ్యాన్‌ను పిలిపించుకోవచ్చు. అయితే ఇల్లు, వెళ్ళే చోటు రెండూ వాళ్ళ పరిధిలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. మన వాలంటీర్ల కార్లు వారంలో ఒక్క మంగళవారం తిరుగుతున్నాయి. పెద్దలను ఎప్పుడూ జంటలుగానే ఎక్కిస్తున్నాం. ఒక్కరే అయితే మబ్బు పట్టినా మానేస్తారు. పక్కింటి పిన్నిగారు చెప్పులేసుకుని ఎదురుచూస్తున్నారంటే మానరు. మొదటి మూడుసార్లు మేం లోపలికి కూడా వెళ్తాం. లాకరు ఎలా తెరవాలి, బాత్రూం ఎటు, కౌంటర్‌లో అమ్మాయితో ఏం చెప్పాలి అన్నీ చూపిస్తాం. నాలుగోసారి తలుపు దగ్గరే దింపి వచ్చేస్తాం. ఇది కొందరు పిల్లలకు నచ్చలేదు. "లోపల ఏదైనా అయితే?" అన్నారు. వాళ్ళ భయం అబద్ధం కాదు. పర్సులో అత్యవసర నంబర్లు, మందుల పేర్లు రాసిన కాగితం ఉంచుతున్నాం. ఫోన్‌లో లొకేషన్ చూసుకునే ఏర్పాటు మాత్రం పెద్దవాళ్ళను అడిగాకే పెడుతున్నాం, వద్దన్న ఇద్దరికి పెట్టలేదు.

ఇండిపెండెంట్ లివింగ్ కాలనీల్లో ఉన్నవారి సంగతి ఇంకో మాట. అక్కడి హాల్లో బైబిల్ అధ్యయనం జరుగుతుంటే మన వాళ్ళు పైనే ఉండిపోతున్నారు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ ప్రకారం మతాన్ని బట్టి వివక్ష చూపకూడదు. ఒక మతం వారి సమావేశానికి హాలు ఇస్తే మన భజనకూ అదే పద్ధతిలో ఇవ్వాలి. కానీ చట్టం చెప్పుకుంటూ వెళ్ళనక్కర్లేకుండానే ఒకచోట పని జరిగింది. అష్టాచెమ్మా పిన్నిగారు అట్టముక్క మీద గళ్ళు గీసుకుని, అరగదీసిన చింతగింజలు నాలుగు పట్టుకుని బింగో రోజున కిందికి దిగారు. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆటకు అదేమీ అక్కర్లేకపోయింది. ఇప్పుడు గురువారాలు నలుగురు అమెరికన్ ఆడవాళ్ళు ఆవిడ కోసం ఎదురుచూస్తారు. వాళ్ళలో ఒకావిడ గింజలు దాచిపెట్టి దొంగాట ఆడుతుందని పిన్నిగారి ఫిర్యాదు.

బాల్ బాడ్మింటన్ బాబాయిగారు పికిల్‌బాల్‌లో చేరారు. మొదటి వారం నడుము పట్టేసింది, రెండు వారాలు మానేశారు, మళ్ళీ వెళ్తున్నారు. ఒకరిద్దరు మాత్రం ఎంత పిలిచినా రాలేదు. ఒక తాతగారు "నాకు జపం ఉంది, టీవీ ఉంది, నన్ను వదిలెయ్యండి" అని నిక్కచ్చిగా చెప్పారు. వదిలేశాం. నెలకోసారి వెళ్ళి కాఫీ తాగి వస్తున్నాం, కార్యక్రమాల ఊసెత్తకుండా.

సభ్యుల జాబితా కూడా మార్చాం. ఇప్పుడు అందులో ఇంటిపెద్దల పేరు, వాళ్ళ సొంత నంబరు విడిగా ఉంటాయి. వాటిని నింపడానికి శనివారాలు అర్చన అయ్యాక చెప్పుల స్టాండు పక్కన బల్ల వేస్తున్నాం. పిల్లలూ, దయచేసి మీరు ఫోన్‌లో నింపి పంపకండి, పెద్దలను తీసుకురండి. వాళ్ళ ఫోన్, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, పేరున్న ఉత్తరం ఏదైనా ఒకటి తెస్తే లైబ్రరీ కార్డు, కమ్యూనిటీ సెంటర్ ఖాతాల పని అక్కడే మొదలుపెట్టవచ్చు. తెలుగులో అడిగి, తెలుగులో రాసుకునే బాధ్యత మాస్టారు తీసుకున్నారు. పక్కనే చదరంగం బల్ల కూడా వేసుకుంటారు. ఫారంలో పుట్టిన తేదీ తప్పు రాస్తే ఎర్ర పెన్నుతో సున్నా చుడతారు, జాగ్రత్త.